చెప్పవలసిన మాట

విమానపరిచారిక యనగానే సామాన్యప్రయాణికుని మనస్సులో మెదలు రూపమొకటి కలదు. చేతులు జోడించి స్వాగతము పలుకును, పెట్టెను పై అరలో సర్దించును, కాఫీ అందించును, దిగునపుడు మరల చిరునవ్వుతో సాగనంపును. ఆ రూపము అసత్యము కాదు గాని అసంపూర్ణము. కాఫీ అందించుటయే ముఖ్యమైనచో, 50 సీట్లకు ఒకరు చొప్పున పరిచారకులు ఉండి తీరవలెనని అనేకదేశముల చట్టములు శాసించియుండవు. చట్టము దృష్టిలో వారు మొదట ప్రాణరక్షకులు; తరువాతనే అతిథిసేవకులు.

ఈ వృత్తి పుట్టుకలోనే ఆ సూచన యున్నది. 1930 మే 15వ తేదీన అమెరికాలో బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ విమానములో తొలి పరిచారికగా ప్రయాణము చేసిన ఎలెన్ చర్చ్ వృత్తిచేత నర్సు. విమానము నడుపుట కూడ నేర్చిన స్త్రీ. ఆకాశయానమనిన జంకు ప్రజలకు నర్సు తోడుండుట ధైర్యము కలిగించునని ఆనాటివారు తలంచిరి. నేటి పెద్ద విమానమునకు యోగ్యతాపత్రము లభింపవలెనన్న, ద్వారములలో సగము మాత్రమే ఉపయోగించి, నిండువిమానములోని జనమంతయు 90 సెకండ్లలో వెలుపలికి రాగలరని నిరూపింపవలెను. ఆ 90 సెకండ్లలో ఏ తలుపు తెరువవలెను, ఏ తలుపు తెరువరాదు, ఎవరిని ముందు దింపవలెను అని నిర్ణయించువారు పరిచారకులే.

అయినను వారి విధులలో మిక్కిలి కష్టమైనది మంటల నడుమ తలుపు తెరచుట కాదేమో. తమ కంటబడిన కీడును సకాలమున పైలటుకు చెప్పుట అంతకంటె కష్టమైనదిగా కనబడుచున్నది. చిన్నపిల్లలు సైతము చేయగల పనిగా తోచు ఈ కార్యము ఎంత దుష్కరమో, 1989వ సంవత్సరమున రెండు నెలల వ్యవధిలో జరిగిన రెండు ప్రమాదములు లోకమునకు తెలిపినవి.

మొదటిది ఇంగ్లండులో జరిగెను. జనవరి 8వ తేదీ రాత్రి లండనులోని హీత్రో విమానాశ్రయమునుండి బెల్‌ఫాస్ట్ నగరమునకు 126 మందితో బయలుదేరిన బ్రిటిష్ మిడ్‌లాండ్ సంస్థవారి బోయింగ్ 737 విమానములో, ఎడమ ఇంజనులోని ఫ్యాను రెక్క యొకటి విరిగెను. విమానము వణకసాగెను, పొగవాసన వచ్చెను. లోపము కుడి ఇంజనులో ఉన్నదని పైలట్లు పొరపడి, చక్కగా పనిచేయుచున్న దానిని ఆపివేసిరి. ఆ సమయముననే వణకు తగ్గుట కాకతాళీయమే యైనను, తాము చేసినది సరియేయను నమ్మకము వారికి బలపడెను. కుడి ఇంజను చెడినదనియు, దానిని ఆపితిమనియు కెప్టెన్ మైకులో ప్రకటించెను. ఎడమవైపున మంటలను కన్నులార చూచిన ప్రయాణికులు ఆ మాట విని తెల్లబోయిరి. కాని ఒక్కరును నోరు విప్పలేదు. ఎడమ ఇంజనునుండి మంట వెలువడుట చూచిన పరిచారకులు ముగ్గురుండిరి. ‘కుడి’ యన్న మాట తమ చెవిని పడలేదని వారు తరువాత చెప్పిరి. ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయమున దిగబోవు తరుణములో ఆ ఎడమ ఇంజను కూడ పూర్తిగా చెడిపోయి, విమానము కెగ్‌వర్త్ గ్రామసమీపమున పెద్దరహదారి గట్టును ఢీకొనెను. 47 మంది మరణించిరి.

రెండవది కెనడాలోని ఆంటారియో రాష్ట్రములో, డ్రైడెన్ అను చిన్న ఊరిలో మార్చి 10వ తేదీన జరిగెను. ఎయిర్ ఆంటారియో సంస్థ విమానము 69 మందితో డ్రైడెన్‌లో ఆగి, విన్నిపెగ్ నగరమునకు బయలుదేర సిద్ధముగా నుండెను. మంచు కురియుచుండెను, రెక్కలపై పేరుకొనుచుండెను. రెక్కపై మంచు చేరినచో విమానమును పైకెత్తు గాలిబలము తగ్గిపోవునని విమానవిద్య నేర్చిన ప్రతివాడు ఎరుగును. కాని నేలపై ఇంజనులను ప్రారంభించుటకు తోడ్పడు సహాయకయంత్రము ఆ విమానములో చెడియుండెను. ఆ ఊరిలో వేరు సాధనము లేదు. ఇంజనులను ఆపినచో మరల ప్రారంభించు దారి లేదు. ఇంజనులు తిరుగుచుండగా మంచు తొలగించు ద్రవము చల్లుట నిషిద్ధము. ఇంతలో చిన్న విమానమొకటి దిగువరకు వేచియుండవలసివచ్చెను. మంచు కురియుచునే యుండెను. చివరకు విమానము బయలుదేరి, పైకి లేవజాలక, రన్‌వే దాటిన కొద్దిసేపటికే చెట్లను కొట్టుకొని కూలి మంటలలో చిక్కెను. ఇరువురు పైలట్లు, ఒక పరిచారికతో సహా 24 మంది మరణించిరి.

ఆ మంచును చూచినవారెవ్వరు? ప్రయాణికులు చూచిరి. బ్రతికి బయటపడిన రెండవ పరిచారిక చూచెను. ఆనాడు ప్రయాణికులుగా వచ్చిన ఇరువురు వేరు పైలట్లు కూడ చూచిరి. వీరిలో ఏ ఒక్కరును కెప్టెనుకు చెప్పలేదు. న్యాయమూర్తి వర్జిల్ మోషన్‌స్కీ అధ్యక్షతన జరిగిన విచారణ 1992లో ముగిసెను. పైలట్లకు ఈ సంగతి తెలిసియే యుండునని తలంచితిననియు, ఇట్టి విషయములు పరిచారికలు ప్రస్తావించుటను పైలట్లు హర్షింపరను అభిప్రాయము తనకుండెననియు ఆమె సాక్ష్యమిచ్చెను. తోటి పైలటు పనిలో తలదూర్చుట మర్యాద కాదను భావము ఆ ప్రయాణికుల పక్షమున వినబడెను. ఒకరిని వినయము ఆపినది; మరియొకరిని మర్యాద ఆపినది. రెండును సద్గుణములే. ఆ సద్గుణముల చాటుననే మంచు చేరుచుండెను.

ఈ మౌనమునకు పిరికితనమని పేరు పెట్టి ఊరకుండుట అన్యాయము. మంటలు చుట్టుముట్టిన వేళ ప్రయాణికులను వెలుపలికి నడిపించిన ధైర్యవంతురాలు, అంతకు కొన్ని నిమిషముల ముందు ఒక మాట చెప్పుటకు జంకినదనిన, లోపము ఆమె గుండెలో లేదు. ఆమె పనిచేసిన కట్టడిలో ఉన్నది. ‘పైవారికి తెలియకుండునా’ యని తలంచుట ఏ కార్యాలయములోనైన, ఏ కుటుంబములోనైన కానవచ్చు అలవాటు. తెలిసియున్న దానిని చెప్పినచో నగుబాటు. తెలియనిదానిని చెప్పినచో ధిక్కారము. ఈ రెండు భయముల నడుమ నోరు మూతపడును.

నియమములు సైతము ఒక్కొక్కప్పుడు ఈ మౌనమునకు దోహదము చేసినవి. పైలట్లు పిచ్చాపాటి మాటలలో పడి ప్రమాదము తెచ్చుకొనిన ఉదంతముల అనంతరము, 10,000 అడుగుల ఎత్తునకు లోపల పైలట్లతో అనవసరసంభాషణ కూడదని 1981లో అమెరికా నియమము చేసెను. నియమము మంచిదే. కాని ఏది అవసరము, ఏది అనవసరము అని తేల్చుకొనలేక పరిచారకులు తటపటాయింపసాగిరి. 2001 సెప్టెంబరు 11వ తేదీ దారుణము తరువాత పైలట్ల గది తలుపు గుండు దూరనంత దృఢమయ్యెను. దుండగులను ఆపుటకు అది తప్పనిసరి. అయితే తలుపు దృఢమైనకొలది, వెనుకనున్న వారి కన్నుల విలువ మరింత పెరిగినది. పెద్ద విమానములలో తన ఇంజనులను, రెక్కల మొదళ్లను పైలటు తన ఆసనమునుండి చూడజాలడు. కిటికీ ప్రక్కనున్న ప్రయాణికుడు చూడగలడు. నడవలోనున్న పరిచారిక చూడగలదు. ఉన్నతపదవిలో నున్నవానికి కనబడనిది క్రిందివారికి కనబడుట ఇచ్చట ఉపమానము కాదు, కంటికి కనబడు వాస్తవము.

డ్రైడెన్ దుర్ఘటనము జరిగిన కెనడాలో నేడు అమలులోనున్న వైమానికశాసనము ఈ సందర్భమున గమనింపదగినది. బయలుదేరుటకు ముందు రెక్కలపై మంచును చూచిన ఏ సిబ్బందియైనను వెంటనే కెప్టెనుకు తెలుపవలెను. తెలిపిన పిమ్మట కెప్టెనుగాని, ఆయన నియమించిన పైలటుగాని రెక్కలను పరిశీలించి తీరవలెను. ఈ శాసనమునకు రెండు పాదములు కలవు: మొదటి పాదము చెప్పువానిది, రెండవ పాదము వినువానిది. లోకములో సాధారణముగా మొదటి పాదము మాత్రమే బోధింపబడుచున్నది. ధైర్యముగా మాటాడుమని పిల్లలకు, ఉద్యోగులకు ఉపన్యాసములిచ్చువారు అనేకులు. విన్న తరువాత లేచివెళ్లి చూడవలసిన బాధ్యతను పెద్దలపై మోపినవారు తక్కువ.

రెండవ పాదము లేనిచో మొదటిది ఎంత నిష్ఫలమో 1980 ఆగస్టు 19వ తేదీన రియాద్ నగరమున జరిగిన ఘోరము చెప్పుచున్నది. సౌదియా సంస్థ విమానము 301 మందితో ఎగిరిన కొద్దిసేపటికే వెనుక సరకుల గదిలో నిప్పు పుట్టెను. విమానము వెనుకకు మరలి క్షేమముగానే నేల దిగెను. ప్రయాణికులను దింపి తరలింపవలెనా యని పరిచారకులు ఒకసారి కాదు, మరల మరల అడిగిరి. వలదని పైలట్ల గదినుండి సమాధానము. దిగిన విమానము వెంటనే ఆగక రన్‌వే చివరకు సాగి మలుపు తిరిగెను. ఆగిన పిదప కూడ ఇంజనులు కొన్ని నిమిషములు తిరుగుచునే యుండెను. వెలుపలివారు తలుపు తెరచునప్పటికి 301 మందిలో ఒక్కరును సజీవులుగా లేరు. అక్కడ చెప్పువారు చెప్పిరి. వినవలసినవాడు వినలేదు.

ఇచ్చట పెద్దలు కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు. విమానమునకు కెప్టెన్ ఒకడే యుండవలెను. ప్రతివారు ప్రశ్నింపసాగినచో క్షణములలో తీర్మానింపవలసిన పని చర్చాగోష్ఠి యగును. అధికారము పలుచనగును అందురు. ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. గాలిలో ఎగురు యంత్రమునకు తుదినిర్ణయము ఒకరిదే కావలెను. కాని వార్త వేరు, నిర్ణయము వేరు. ‘ఎడమ ఇంజనునుండి మంట వచ్చుచున్నది’ అని చెప్పిన పరిచారకుడు కెప్టెను పదవిని కోరుటలేదు; కెప్టెను నిర్ణయమునకు కావలసిన ముడిసరకును అందించుచున్నాడు. అబద్ధపు వార్తతో తీసికొనిన నిర్ణయమును ఎంతటి అధికారమును నిలబెట్టలేదు. పది పర్యాయములు పొరపాటుగా చెప్పినను నష్టము కొన్ని నిమిషములే. ఒక్క పర్యాయము చెప్పకపోయిన నష్టము కెగ్‌వర్త్‌లో లెక్కకు వచ్చినది.

ఈ వివేకము విమానరంగమునకు సులభముగా రాలేదు. 1977లో టెనెరిఫె ద్వీపమున రెండు పెద్ద విమానములు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించినపుడు, ఎదుటి విమానము ఇంకను తొలగలేదేమోయని సందేహము వెలిబుచ్చిన ఫ్లైట్ ఇంజనీరు మాటను అనుభవశాలియైన కెప్టెన్ త్రోసిపుచ్చెను. ఇట్టి ప్రమాదములను పరిశీలించిన పిదప 1979లో అమెరికాలో నాసా సంస్థ ఏర్పరచిన సదస్సు, పైలట్ల హస్తకౌశలము కంటె వారి పరస్పరవ్యవహారములోనే లోపములెక్కువగా కలవని గుర్తించెను. ఆ గుర్తింపునుండి పుట్టిన శిక్షణ మొదట పైలట్లకు, తరువాత పరిచారకులకు, కాలక్రమమున ఇరువర్గములకు కలిపి నేర్పబడుచు వచ్చెను. క్రిందివాడు ఎట్లు చెప్పవలెనో దానిలో పాఠము. పైవాడు ఎట్లు అడిగి తెలిసికొనవలెనో అదియు పాఠమే. ఏమి చూచితిని, ఎచ్చట చూచితిని, ఎప్పటినుండి చూచుచున్నావు – ఈ మూడింటికి సూటిగా సమాధానము చెప్పగలిగినచో చాలును. కారణము ఊహించుట పరిచారకుని పని కాదు.

ప్రయాణికుని మాటకును ఇదే గౌరవము దక్కవలెను. 1988 ఏప్రిల్ 28వ తేదీన హవాయి ద్వీపములలో అలోహా సంస్థ విమానము పైకప్పు ఆకాశమున ఊడిపోయి ఒక పరిచారిక మరణించెను. విమానమెక్కునపుడే ద్వారము చెంత లోహపు రేకులో చీలికను చూచితినని ప్రయాణికురాలొకతె తరువాత విచారణలో తెలిపెను. ఆనాడామె ఎవ్వరికిని చెప్పలేదు. అదేమని అడిగిన చులకన యగుదుమని తలంచువారు ప్రయాణికులలో అనేకులు. కనుకనే ‘అది మామూలే, కూర్చొనుడు’ అను సమాధానము ప్రమాదకరమైనది. భయపడిన ప్రయాణికుని ఊరడించుట పరిచారిక ధర్మము. కాని వెళ్లి చూచిన తరువాతనే ఊరడింపవలెను. చూడక పలికిన ఓదార్పు మధురమైనను, దానికి ఆధారము లేదు.

చెప్పుట, వినుట రెండును వ్యవస్థగా రూపొందినచో ఫలమెట్లుండునో 2024 జనవరి 2వ తేదీన టోక్యోలోని హనెడా విమానాశ్రయమున లోకము చూచెను. దిగుచున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము, రన్‌వేపై నున్న తీరరక్షణదళపు విమానమును ఢీకొనెను. భూకంపబాధితులకు సహాయసామగ్రి తీసికొనిపోవు ఆ చిన్న విమానములోని ఆరుగురిలో అయిదుగురు మరణించిరి. మండుచున్న పెద్ద విమానములో మాత్రము 379 మంది యుండగా అందరును ప్రాణములతో బయటపడిరి. మైకులు పనిచేయలేదు, పరిచారకులు తొమ్మండుగురు చేతిలౌడుస్పీకర్లతో, ఉత్తకంఠములతో కేకలు వేసి నడిపించిరి. తలుపులు తెరువుడని ఆర్తనాదములు వినబడుచున్నను, వెలుపలి మంటలను పరికించి, ఎనిమిది ద్వారములలో క్షేమమైన మూడింటిని మాత్రమే తెరచిరి. వెనుక ఎడమ ద్వారము చెంతనున్న పరిచారిక, పైలట్లతో మాటాడు సాధనము చెడిపోగా, తన నిర్ణయముననే దానిని తెరచెను. రియాద్‌లో అనుమతికై వేచిన చేతులను, హనెడాలో అనుమతి లేకయే కదలిన చేతిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, ఒక సంస్థ తన చిన్నవారిని ఎంత నమ్మినదో బోధపడును. ఆ నమ్మకము ప్రమాదము నాడు పుట్టునది కాదు. అంతకు ముందు అనేకసంవత్సరముల శిక్షణలో పుట్టును.

తెలుగువారికి ఈ నీతి క్రొత్తది కాదు. నన్నయ తెనిగించిన సభాపర్వమున, ద్రౌపదికి అవమానము జరుగుచుండగా భీష్మద్రోణాదులు తలలు వంచుకొని యుండిరి. లేచి న్యాయమడిగినవాడు వికర్ణుడు. దుర్యోధనుని తమ్ములలో ఒకడు. ఇంతమంది పెద్దలుండగా నీవు మాటాడుటయాయని కర్ణుడు వానిని గద్దించెను. బాలుడని గద్దింపబడినవాడు చెప్పినది ధర్మమే; గద్దించినవాని పరాక్రమము కులమును కాపాడలేకపోయెను. కురుసభలో లోపించినది చెప్పువాడు కాదు. విని, లేచి, ఆపు పెద్దవాడు ఆ సభలో కరవయ్యెను.

ఇంత దూరము వచ్చిన పిదప పాఠశాల తలవాకిట నిలువక తప్పదు. పరిచారికయైనను పైలటైనను, పదవతరగతి బల్లమీదనుండి వచ్చినవారే. నోరు విప్పుటకు జంకుట వారు విమానమెక్కిన తరువాత నేర్చినది కాదు. నల్లబల్లపై లెక్కలో గుర్తు తారుమారైనపుడు, చివరి వరుసలోని బాలిక దానిని గమనించును. గమనించి ఊరకుండును. చెప్పిన పిల్లవాడు నిరుడు ఏమి పొందెనో ఆమె చూచినది. ‘చాలా తెలివైనవాడవే’ యను ఉపాధ్యాయుని ఎత్తిపొడుపు, తోటిపిల్లల నవ్వు – ఆ రెండింటితోనే ఒక తరగతి మొత్తము మౌనమును అభ్యసించును. నిశ్శబ్దముగానున్న తరగతిని క్రమశిక్షణ గల తరగతియని పర్యవేక్షకులు మెచ్చుకొందురు. ఆ నిశ్శబ్దములో శ్రద్ధ ఎంత, భయమెంత యని విడదీసి చూచువారు అరుదు.

లెక్కలో గుర్తు తప్పినచో దిద్దుకొనవచ్చును. కాని అదే పిల్లలు వరండాలో వ్రేలాడుచున్న కరెంటుతీగను చూతురు. వంటగది గోడలోని పగులును చూతురు. పాఠశాలబస్సు నడుపువాడు కునుకుచుండుట చూతురు. లెక్కను గురించి చెప్పుట నేర్వని నోరు, తీగను గురించి మాత్రము చెప్పునని ఆశించుట యెట్లు? పెద్దల మాట చద్దిమూట యన్న సామెత నిజమే. ఆ చద్ది ఎన్నడైన పాడైనచో, మొదట వాసన పట్టునది మూట విప్పిన పిల్లవాడే. వాడు ముఖము చిట్లించినపుడు వానిని కసరుకొనుట కంటె, మూటను ఒకసారి చూచుట మేలు.

ఇందుకు క్రొత్త పాఠ్యగ్రంథము అక్కరలేదు. కెనడా శాసనములోని రెండు పాదములను తరగతిలోనికి తెచ్చినచో చాలును. విద్యార్థి తాను చూచినదానిని వినయముతో, స్పష్టముగా, వెంటనే చెప్పవలెను. తాను పొరబడియుండవచ్చునను సంశయము ఆతని మాటను మృదువు చేయవచ్చునుగాని ఆపరాదు. ఉపాధ్యాయుడు పాఠము నిలిపి, వెనుకకు తిరిగి, నల్లబల్లను చూడవలెను. తప్పున్నచో దిద్దవలెను. లేనిచో ఎందుకు లేదో వివరించి, చెప్పినందుకు ఆ పిల్లవానిని మెచ్చుకొనవలెను. చెప్పినది తప్పైనపుడు కూడ మెచ్చుకొనుటయే ఈ పద్ధతికి ప్రాణము. తప్పుగా చెప్పినవాడు నేడు అవమానము పొందినచో, రేపు ఒప్పు తెలిసినవాడు కూడ నోరు మూసికొనును.

ఆ తరగతిలో కూర్చున్నవారిలో ఒకరు మునుముందు విమానములో నడవవెంట నడచుచు కిటికీలోనుండి రెక్కవైపు చూడవచ్చును. మరియొకరు దృఢమైన తలుపునకు ఆవల కెప్టెను ఆసనములో నుండవచ్చును. మొదటివారు ఫోను చేతికి తీసికొనుటయు, రెండవవారు ఆ మాట విని చూచిరమ్మని పంపుటయు – ఈ రెండును చిన్ననాడే అలవాటు కావలెను. తరువాత నేర్పించుటకు లోకము 1989లో ఎంత వెల చెల్లించినదో లెక్కలున్నవి: కెగ్‌వర్త్‌లో 47 మంది, డ్రైడెన్‌లో 24 మంది.